పద్యంలో అలంకారాన్ని గుర్తించే పద్ధతి: చదవడం నుంచి సమన్వయం రాయడం దాకా

"పద్యం అర్థమైంది, అందులో ఏ అలంకారం ఉందో మాత్రం తెలియడం లేదు." తెలుగు చెబుతున్నవాళ్లు ఏటా వినే మాట ఇది. పదో తరగతి పిల్లలూ అడుగుతారు, ఉపాధ్యాయ నియామక పరీక్షలకు చదివేవాళ్లూ అడుగుతారు, పిల్లలకు ఇంట్లో తెలుగు నేర్పుకుంటున్న ప్రవాసంలోని తల్లిదండ్రులూ అడుగుతారు. వీళ్లలో చాలామందికి లక్షణాలు కంఠతా వచ్చు. "ఉపమాన ఉపమేయాలకు మనోహరమైన పోలిక చెప్పడం ఉపమ" అని ఆగకుండా అప్పగిస్తారు. కొత్త పద్యం ముందు పెడితే ఆగిపోతారు.

ఇబ్బంది లక్షణంలో లేదు, వరుసలో ఉంది. పేరు ముందు వెతుకుతున్నారు, అర్థం తరువాత చూస్తున్నారు. ఈ వరుసను తిరగేయడమే కింది పద్ధతి. ఉదాహరణల్లో చాలావరకు దీనికోసమే కట్టినవి. కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఆలోచించి చూడండి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పెద్ద పుస్తకాలేమీ అక్కరలేదు. ఇవి చాలు:

- పద్యాన్ని ఎడం ఎడంగా రాసుకోవడానికి ఒక కాగితం, పెన్సిలు. పుస్తకంలోనే గీతలు గీస్తే రెండోసారి కొత్తగా చూడలేరు.
- ఒక నిఘంటువు. శబ్దరత్నాకరం వంటిది ఇంట్లో ఉంటే మంచిది. లేకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.
- నాలుగు మాటల మీద పట్టు: ఉపమేయం (దేని గురించి చెబుతున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండింటిలోనూ ఉన్న గుణం లేదా పని), ఉపమావాచకం (పోలికను తెలిపే మాట).

ఈ నాలుగూ తడబడకుండా చెప్పగలిగే వరకు ముందుకు వెళ్లవద్దు. "చెరువు అద్దంలా మెరుస్తోంది" అన్న వాక్యం తీసుకోండి. చెరువు ఉపమేయం, అద్దం ఉపమానం, మెరవడం సమానధర్మం, "లా" వాచకం. రోజూ వినే మాటల్లో ఇలాంటివి పది పట్టుకుని విడదీయండి. ఒక్క సాయంత్రం చాలు.

## 2. పద్యాన్ని మామూలు మాటల్లోకి విప్పండి

పద్యంలో పదాలు ఛందస్సు కోసం అటూ ఇటూ జరుగుతాయి. వాటిని మన వాక్యం వరుసలోకి తెచ్చుకోవడమే అన్వయం. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఏం చేశారు అన్న ప్రశ్నలకు పద్యంలోనే జవాబు వెతకండి. సంధులు విడదీయండి, తెలియని మాటకు అర్థం చూడండి.

తరువాత పద్యం మొత్తాన్ని ఒకటి రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే అలంకారం జోలికి పోవద్దు. కష్టమైనా ఈ మెట్టు ఎక్కి తీరాలి. తప్పు జవాబుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

## 3. ఛందస్సు తెచ్చిన మోతను పక్కన పెట్టండి

వృత్తాల్లో, కందంలో ప్రాస తప్పనిసరి. అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరంగా అదే హల్లు రావాలి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం, శార్దూలంలో పదమూడో అక్షరం, మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతిస్థానం. అక్కడి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో మైత్రి, అంటే ధ్వనిలో పొత్తు, కుదరాలి.

ఇది నియమం, అలంకారం కాదు. నాలుగు పాదాల్లో రెండో అక్షరం "ల" వచ్చిందని వృత్త్యనుప్రాసం (ఒక హల్లు పలుమార్లు రావడం) అని రాస్తే అది పొరపాటు. ప్రాసాక్షరాన్నీ యతి అక్షరాన్నీ పెన్సిలుతో చిన్నగా కొట్టేయండి. మిగిలిన చోట్ల కూడా ఆ హల్లు చెవికి తగులుతుంటే అప్పుడు ఆలోచించండి.

## 4. పైకి చదవండి: శబ్దాలంకారాలు

శబ్దాలంకారానికి ఒక మంచి పరీక్ష ఉంది. ఆ మాట తీసేసి అదే అర్థం ఉన్న మరో మాట పెట్టండి. అందం పోతే అది శబ్దాలంకారం. అందం అలాగే ఉంటే అర్థాలంకారం. "గాలికి గజ్జెల గుర్రం గలగల గంతులేసింది" అన్నప్పుడు గుర్రానికి బదులు అశ్వం, గాలికి బదులు వాయువు పెట్టి చూడండి. సొగసు మాయమవుతుంది.

ధ్వని తిరిగి వచ్చిందని చెవి చెప్పగానే, తిరిగి వచ్చింది ఏమిటో చూడండి.

ఒక హల్లు పలుమార్లు వస్తే వృత్త్యనుప్రాసం. పై వాక్యంలో "గ" అలాంటిదే.

హల్లుల జంట అర్థం మారి వెంటనే వస్తే ఛేకానుప్రాసం. "నీరు లేనిదే సాగు సాగదు." మొదటి సాగు వ్యవసాయం, రెండోది ముందుకు నడవడం.

అక్షరాల గుంపు అర్థం మారి, ఎడంతో మళ్లీ వస్తే యమకం. "వాడిన పూలను దండలో వాడినవారెవరు?" మొదటిది వాడిపోవడం, రెండోది ఉపయోగించడం.

అదే మాట, అదే అర్థం, తాత్పర్యంలో మాత్రం తేడా ఉంటే లాటానుప్రాసం. "నలుగురికి పెట్టే చేయే చేయి." రెండు చోట్లా చేయి అంటే చేయే. రెండోదానికి మాత్రం "సార్థకమైన చేయి" అనే భావం వచ్చింది.

ఛేకానికీ యమకానికీ మధ్య గీత సన్ననిది. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా "వెంటవెంటనే" అన్న మాటతో ఆ గీత గీస్తారు. కాబట్టి రెండు ఆవృత్తుల మధ్య వేరే మాట ఉందో లేదో చూడండి.

ముక్తపదగ్రస్తం సులువు. ఒక వాక్యం చివరి పదం తరువాతి దానికి మొదలవుతుంది: "పొలానికి ప్రాణం నీరు, నీరు నిలిపేది చెరువు, చెరువుకు కాపు గట్టు."

పాదాల లేదా వాక్యాల చివర ఒకే అక్షరాలు వస్తే అంత్యానుప్రాసం. దీని దగ్గర ఒక హెచ్చరిక. మన భాషలో వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక "వచ్చింది, వెళ్లింది, నిలిచింది" అని తోక కలవడం మామూలు వచనంలోనూ జరుగుతుంది. క్రియా ప్రత్యయానికి ముందున్న అక్షరాలు కూడా కలుస్తున్నాయా అని చూడండి. "మోగింది, సాగింది" కలిశాయి. "వచ్చింది, నవ్వింది" పేరుకు కలిశాయంతే.

## 5. జంటను పట్టుకోండి: పోలిక మీద నడిచే అలంకారాలు

అసలు పని ఇక్కడ ఉంది, ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మీరు రాసుకున్న భావంలో ఏ రెండు వస్తువులను పక్కపక్కన పెట్టారో చూసి వాటికి గుండ్రాలు చుట్టండి. వాటి మధ్య సంబంధం ఏమిటని అడగండి. ఆ సంబంధమే అలంకారం పేరు చెబుతుంది.

ఒకే జంట తీసుకుందాం: తాతయ్య, మర్రిచెట్టు.

- ఉపమ: తాతయ్య మర్రిచెట్టులా అందరికీ నీడనిచ్చారు. రెండూ వేరు, పోలిక ఉంది.
- రూపకం: తాతయ్య మా ఇంటి మర్రిచెట్టు. రెండింటికీ భేదం లేదంటున్నాం.
- ఉత్ప్రేక్ష: తాతయ్య వస్తుంటే మర్రిచెట్టే మనిషి రూపంలో నడిచి వస్తున్నదేమో అనిపిస్తుంది. కానిదాన్ని అయినట్లు ఊహిస్తున్నాం.
- రూపకాతిశయోక్తి: మా ఇంటి మర్రిచెట్టు కూలిపోయింది. తాతయ్య మాట పైకి లేదు, ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది.
- అపహ్నవం: ఆయన మనిషి కాదు, మర్రిచెట్టు. అసలుదాన్ని కాదని మరోదాన్ని స్థాపించాం.
- ససందేహం: ఆ నీడనిచ్చేది తాతయ్యా, మర్రిచెట్టా?
- భ్రాంతిమంతం: మర్రిచెట్టనుకుని పిట్టలు తాతయ్య భుజం మీద వాలాయి. ఇక్కడ సందేహం లేదు, పొరపాటే జరిగిపోయింది.
- ప్రతీపం: మర్రిచెట్టు మా తాతయ్యలా ఉంటుంది. పోలిక తలకిందులైంది.
- వ్యతిరేకం: మర్రిచెట్టు నీడ మాత్రమే ఇస్తుంది, తాతయ్య నీడతోపాటు అన్నమూ పెట్టారు. ఉపమేయం ఒక మెట్టు పైన ఉంది.
- అనన్వయం: తాతయ్యకు తాతయ్యే సాటి. పోల్చడానికి మరొకటి దొరకలేదు.

ఈ పదింటినీ మీకు దగ్గరైన మరో జంటతో మళ్లీ రాయండి. అమ్మ, దీపం కావచ్చు. ఏరు, పాము కావచ్చు. ఒకసారి సొంతంగా రాసినవారు మళ్లీ ఉపమకూ ఉత్ప్రేక్షకూ తికమకపడడం నేను చూడలేదు. పదిసార్లు లక్షణం చదవడం కంటే ఈ ఒక్క అభ్యాసం మేలని నా గట్టి నమ్మకం.

### 5.1 వాచకాన్ని నమ్మి మోసపోకండి

వలె, పోలె, భంగి, కరణి, కైవడి, పగిది, చందమున, రీతి కనిపిస్తే ఉపమ. ఏమో, కాబోలు, అన్నట్లు కనిపిస్తే ఉత్ప్రేక్ష. ఈ పట్టిక పనికివస్తుంది, కానీ సగం దారి వరకే.

"రేపు వాన వస్తుందేమో" అన్నదాంట్లో "ఏమో" ఉంది, అలంకారం లేదు. అది ఉత్త అనుమానం. "చెరువులో కలువలు విచ్చుకున్నాయి, ఆకాశంలోని చుక్కలు స్నానానికి దిగాయేమో!" అన్నది ఉత్ప్రేక్ష. అలా జరగదని చెప్పేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. అయినా ఊహిస్తున్నారు.

"తమ్ముడు అన్నలాగే పొడవుగా ఉన్నాడు" అన్నచోట "లాగే" ఉన్నా ఉపమ లేదు. ఒకే జాతి వస్తువులను ఉన్నదున్నట్లు సరిపోల్చితే అది సమాచారం. పోలికలో మనసును కదిలించే చమత్కారం ఉండాలి. అందుకే లక్షణంలో "మనోహరమైన" అన్న మాట పెట్టారు. చాలామంది దాన్ని అలవాటుగా చదివి దాటిపోతారు.

ఇంకొకటి: "ఎవరో ఆకాశానికి చిల్లు పెట్టినట్లు వాన కురిసింది." ఇక్కడ "అట్లు" ఉంది కనుక ఉపమ అని తొందరపడతారు. ఆకాశానికి చిల్లు పెట్టడం లోకంలో ఉన్న పనేనా? కాదు, ఊహ. ఉపమానం లోకంలో తెలిసిన వస్తువైతే ఉపమ వైపు, ఊహించిన సంఘటన అయితే ఉత్ప్రేక్ష వైపు మొగ్గు చూపండి.

### 5.2 సమాసం లోపల దాగితే క్రియను అడగండి

"ముఖకమలం" అన్న సమాసాన్ని రెండు రకాలుగా విప్పవచ్చు. కమలం వంటి ముఖం అంటే ఉపమ. ముఖమనే కమలం అంటే రూపకం. ఏది సరైనది? సమాసం చెప్పదు, వాక్యంలోని పని చెబుతుంది.

"ముఖకమలం నవ్వింది." నవ్వేది ముఖం. ముఖానికే ప్రాధాన్యం, కనుక ఉపమ.

"ముఖకమలం వికసించింది." వికసించేది కమలం. ముఖాన్ని పూర్తిగా కమలం చేసేశారు, కనుక రూపకం.

అలాగే "అమ్మమ్మ మాటల చద్దిమూట దారి పొడవునా నా ఆకలి తీర్చింది." ఆకలి తీర్చేది చద్దిమూట. రూపకమే.

### 5.3 పూర్ణోపమా, లుప్తోపమా?

నాలుగు అంగాలూ ఉంటే పూర్ణోపమ. ఒకటి గాని, అంతకంటే ఎక్కువ గాని లేకపోతే లుప్తోపమ. "ఆమెవి తేనె పలుకులు" అన్నప్పుడు వాచకం లేదు, తీపి అన్న సమానధర్మమూ లేదు. ఏవి లోపించాయో జవాబులో పేరు పెట్టి రాయండి.

## 6. జంట దొరకకపోతే

మూడు ప్రశ్నలు వేయండి.

ఉన్నదాన్ని హద్దు దాటించి చెప్పారా? "ఈ గుడి గోపురం చంద్రుడి దారికి అడ్డొస్తోంది." అతిశయోక్తి.

ఉన్నది ఉన్నట్లు, కళ్లకు కట్టేలా చెప్పారా? "లేగదూడ చెవులు రిక్కించి, తోక పైకెత్తి, రెండు గంతులు వేసి ఆగి, తల్లి వైపు తిరిగి చూసింది." స్వభావోక్తి. ఏ వర్ణన కనిపించినా స్వభావోక్తి అని రాసేయకండి. ఆ జాతికే చెందిన చేష్టలు సూక్ష్మంగా కనిపించాలి.

ఒకే మాటకు రెండు అర్థాలు రెండూ కుదురుతున్నాయా? "రాజు కరాలు సోకని ఇల్లు లేదు." రాజు అంటే ప్రభువు, చంద్రుడు. కరం అంటే పన్ను, కిరణం. రెండు రకాలుగానూ వాక్యం నిలబడింది కనుక శ్లేష. ఒక అర్థం మాత్రమే నిలబడితే శ్లేష కాదు.

## 7. రెండు వాక్యాలు పక్కపక్కన ఉంటే

రెండో వాక్యం అందరికీ వర్తించే మాటా, మరో ప్రత్యేక సంగతా? ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

"ఆ చీమ తన బరువుకు మించిన గింజను పుట్టకు చేర్చింది. పట్టుదల గలవారికి అసాధ్యమేముంది!" ఒక చీమ కథ విశేషం, పట్టుదల మాట సామాన్యం. ఒకటి మరొకదాన్ని సమర్థిస్తోంది. అర్థాంతరన్యాసం.

"పూనిక లేని పని ముందుకు నడవదు. నూనె లేని దీపం వెలుగునివ్వదు." రెండూ సమాన స్థాయిలో ఉన్నాయి. అద్దంలో బింబం, ప్రతిబింబంలాగా పూనికకు నూనె, పనికి దీపం, నడవడానికి వెలగడం ఎదురుగా నిలిచాయి. దృష్టాంతం.

## 8. వచన కవిత అయితే

ఈ కొలతలు వచన కవితకూ పనికివస్తాయి, కానీ అన్నిచోట్లా సరిపోవు. ఒక వస్తువు కవిత పొడవునా తిరిగి తిరిగి వస్తూ తనకంటే పెద్ద భావాన్ని మోస్తుంటే దాన్ని ప్రతీక అనండి. ఇంద్రియాలకు తగిలే బొమ్మ కట్టిస్తే పదచిత్రం. జడమైన దానికి మనిషి చేష్ట అంటగడితే మానవీకరణ.

పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి స్ఫురింపజేస్తే ధ్వని. దీనికి ఆలంకారికులు చెప్పే పాత ఉదాహరణ "సూర్యుడు అస్తమించాడు" అన్న చిన్న వాక్యం. పశువుల కాపరికి మందను ఇంటికి తోలుకెళ్లాలని, సంధ్యావందనం చేసేవారికి వేళయిందని వేరువేరుగా తోస్తుంది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చూడకుండా ధ్వనిని పట్టుకోలేరు.

## 9. సమన్వయం రాసే తీరు

పేరు రాసి వదిలేస్తే సగం జవాబే. ఈ వరుసలో రాయండి:

1. అలంకారం పేరు.
2. లక్షణం, ఒక్క వాక్యంలో.
3. పద్యంలో లేదా వాక్యంలో ఆ లక్షణం ఎక్కడ ఉందో, అవే మాటలను ఎత్తి చూపుతూ సమన్వయం.

సమన్వయంలో "ఇక్కడ పోలిక ఉంది కనుక ఉపమ" అని రాయకండి. దేనికి దేనితో, ఏ గుణంలో పోలికో రాయండి.

## 10. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

"అనే" కనిపించగానే రూపకం అనడం. "రాము అనే పిల్లవాడు" రూపకం కాదు. అటూ ఇటూ రెండు వేరు వస్తువులు ఉండాలి.

ఒక పద్యానికి ఒకే అలంకారం ఉంటుందనుకోవడం. ఒకే పద్యంలో శబ్దాలంకారం, అర్థాలంకారం కలిసి ఉండవచ్చు. ప్రశ్నలో ఏ పాదం కింద గీత ఉందో చూసుకోండి.

ఉపమేయ ఉపమానాలను తారుమారు చేయడం. పద్యం అసలు దేని గురించి? ఆ జవాబే ఉపమేయం.

శ్లేషనూ యమకాన్నీ కలిపేయడం. మాట ఒక్కసారే వచ్చి రెండు అర్థాలిస్తే శ్లేష. ఎడంతో రెండుసార్లు వచ్చి రెండు అర్థాలిస్తే యమకం.

## 11. మొదటి నుంచి చివరి దాకా ఒక పద్యం

ఆటవెలదిలో ఒక పద్యం:

చెరువు నిండె ననుచు సిరులు నవ్వెను నేఁడు
పైరు మెఱసి నిలిచెఁ బసిడి వోలె
కాపు మనసు మొగ్గ గాలి సోకఁగ విచ్చె
జలము లేని చోట జగము లేదు

భావం: చెరువు నిండిందని సిరులు నవ్వాయి. పైరు బంగారంలా మెరిసింది. రైతు మనసనే మొగ్గ గాలి సోకి విచ్చుకుంది. నీరు లేనిచోట లోకమే లేదు.

పక్కన పెట్టవలసినవి: చె–సి, పై–బ, కా–గా, జ–జ. ఇవి యతులు. నాలుగో పాదంలో "జ" రెండుసార్లు వినిపించినా అది యతి చేసిన పని. ఆటవెలదికి ప్రాస నియమం లేదు కనుక ఆ లెక్క అక్కరలేదు.

మొదటి పాదం: సిరులు నవ్వడం మానవీకరణ.

రెండో పాదం: పైరు ఉపమేయం, పసిడి ఉపమానం, మెరవడం సమానధర్మం, "వోలె" వాచకం. నాలుగూ ఉన్నాయి, పూర్ణోపమ.

మూడో పాదం: మనసు మొగ్గ. క్రియను అడగండి. విచ్చుకునేది మొగ్గ. రూపకం.

నాలుగో పాదం: ఒంటరిగా చూస్తే సాధారణ వాక్యం. పై మూడు పాదాలు ఒక ఊరి చెరువు గురించిన విశేషం, ఇది లోకమంతటికీ వర్తించే సామాన్యం, పైదాన్ని సమర్థిస్తోంది. పద్యం మొత్తానికి అర్థాంతరన్యాసం.

## 12. ఇప్పుడు మీరు

జవాబు చూడకుండా కాగితం మీద రాయండి.

- అ. ఎండకు బీటలు వారిన నేల నోరు తెరిచి వాన కోసం అడుగుతున్నదేమో!
- ఆ. ఊరికి దారి చూపే కాలే కాలు.
- ఇ. మేఘమనుకుని నెమలి పొగను చూసి పురి విప్పింది.
- ఈ. ఆమె కరుణాసముద్రంలో ఊరంతా మునిగింది.

జవాబులు: (అ) ఉత్ప్రేక్ష. నేల బీటలను తెరిచిన నోరుగా ఊహించారు. (ఆ) లాటానుప్రాసం. (ఇ) భ్రాంతిమంతం. పొగను మేఘంగా పొరబడింది. (ఈ) రూపకం. మునగడం సముద్రంలో జరిగే పని, కనుక కరుణ అనే సముద్రం అని విప్పాలి. దీనికి ఉపమ అని రాసి ఉంటే 5.2 మళ్లీ చదివి, "ముఖకమలం" దగ్గర చేసిన పరీక్షను ఈ వాక్యం మీద చేసి చూడండి.